కార్డు లేని కెమెరా

మా ఆయన మెడలో వేలాడే పెద్ద కెమెరా ఫొటోలు తీయదు. దానికి మెమరీ కార్డు లేదు, పెట్టినా పట్టదు. నొక్కితే టక్‌మంటుంది, నెత్తిన ఉన్న ఫ్లాష్ తళుక్కుమంటుంది, అంతే. దేవరకొండ చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళలో జనం దాని ముందే సర్దుకుని నిలబడ్డారు. కొంగులు సరిచేసుకున్నారు, కడుపులు లోపలికి పీల్చారు, పళ్ళు కనబడేలా నవ్వారు. వాళ్ళ ఆల్బమ్‌లలో ఉన్న ఫొటోలన్నీ పక్కన నిలబడ్డ నేను, నా చేతిలోని చిన్న కెమెరాతో తీసినవి. ఈ సంగతి ఇన్నాళ్ళూ మా ఇద్దరికే తెలుసు. ఇక దాచను. దాచి దాచి నాకే కడుపుబ్బరం వచ్చింది.

మా బాపుకు, అంటే నాన్నకు, దేవరకొండలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఫొటో తీయడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బాపు పోయాక స్టూడియో నా చేతికొచ్చింది. మా ఆయన అప్పుడు ఎరువుల దుకాణంలో పనిచేసేవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో సెలవు పెట్టి నన్ను బండి మీద తీసుకెళ్ళి, నేను చెప్పిన చోట లైటు పట్టుకుని నిలబడేవాడు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఇకముందు చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఇష్టపడి ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాను. మంచి కెమెరా, కాదనను. కానీ దాని బరువు, దాని ముందు లెన్సు బరువు, పైన ఫ్లాష్ బరువు, అన్నీ కలిసి నా మెడ మీదే పడేవి. నేను పొట్టి మనిషిని, బక్క మనిషిని. పెళ్ళికి ముందు చేసే మైలపోలు నాటి పసుపు నీళ్ళ నుంచి అప్పగింతల ఏడుపులదాకా అది మెడలోనే ఉండేది. తీసేసి పక్కన పెడితే ఆ నిమిషంలోనే ఏదో ఒకటి జరిగిపోతుంది. పెళ్ళి మన కోసం ఆగదు.

కొన్నేళ్ళకు కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. అన్నం ముద్ద నోటిదాకా పోకముందే జారిపోయేది. నల్లగొండలో దవాఖానకు పోతే డాక్టరు ఫిలిం చూసి, "మెడ కాడ నరం నలుగుతాంది. బరువు మోసుడు బంద్ చెయ్యి, లేకుంటే చెయ్యి పడిపోతది" అన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. పెళ్ళిళ్ళ ఫొటోలు తీస్తానన్నాను. "సెల్‌ల తియ్యరాదమ్మా, ఇప్పుడు సెల్‌లనే మంచిగొస్తున్నయ్ గద" అన్నాడు. నీ ఆపరేషన్లు కూడా కూరగాయల కత్తితో చెయ్యరాదా అనబోయి, చెయ్యి ఆయన చేతిలో ఉందని ఊరుకున్నాను.

అదే ఎండాకాలంలో పెద్ద కెమెరా కూడా మొరాయించింది. కార్డు పెట్టే చోట సన్నటి సూదులుంటాయి. అవి వంగిపోయాయి. ఇక ఏ కార్డు పెట్టినా పట్టలేదు. హైదరాబాద్‌లో చూపిస్తే, దీన్ని బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోమన్నారు. మెడా, కెమెరా కూడబలుక్కున్నట్టు ఒకేసారి పడకేశాయి.

అప్పుడు చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్దదాంట్లో నొక్కినప్పుడల్లా ఒక అద్దం లేచి పడేది, ఆ టక్‌మనే చప్పుడు దానిదే. ఇందులో అద్దమే లేదు. చప్పుడు వద్దనుకుంటే ఉండదు. కంటికి ఆనించుకుంటే రాబోయే ఫొటోలో వెలుగు ఎంత ఉంటుందో నొక్కకముందే కనిపిస్తుంది. కొన్న కొత్తలోనే పెళ్ళి కుదిరిన ఒక జంటను అలంపూర్ తీసుకెళ్ళాను. తుంగభద్ర ఒడ్డున వాళ్ళు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు, నేను పక్కనే నడుస్తూ తీస్తున్నాను. కాసేపటికి ఆ పిల్ల ఆగి, "ఇంక మొదలువెట్టలేదా అక్కా?" అని అడిగింది. "అయిపోవచ్చింది బిడ్డా" అన్నాను. ఆ సాయంత్రం నా మెడ నొప్పి పెట్టలేదు. వేళ్ళు తిమ్మిరెక్కలేదు. ఇంకా చాలా ఏళ్ళు ఈ పని చేసుకోవచ్చని సంతోషంతో కళ్ళు తడిశాయి. నాకు ఈ పని తప్ప వేరే పని రాదు. రావాలని కూడా లేదు.

ఆ సంతోషం కొత్తకోట దాకా నిలిచింది.

కొత్తకోటలో హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్‌లో పెళ్ళి. పిల్ల మా వైపు, పిల్లగాడు అక్కడివాడు. నా పాత ఫొటోలు చూసే నన్ను మాట్లాడుకున్నారు. మంటపం దగ్గర వెలుగు చూసుకుంటుంటే పిల్లగాని మేనమామ వచ్చాడు. ఇస్త్రీ మడతలు విరగని తెల్లబట్టల మనిషి.

"ఏమమ్మా, ఫొటోగ్రాఫర్ ఇంక రాలేదా?"

"నేనే తీస్తున్న అన్నా."

ఆయన నా చేతిలోకి చూశాడు. "గీ డబ్బతోనా? గిసొంటిది మా బామ్మర్ది కొడుకు ఆడుకుంటడు. గింత పెద్ద హాల్ కిరాయికి తీసుకుంటిమి, గింత మంది సుట్టాలొస్తిరి. మా ఇజ్జత్ ఏంగావాలె? పెద్ద కెమెరా ఏది?"

ఇజ్జత్ అట. అది కెమెరా పొడవులో ఉందట. నేను తీసిన ఫొటోలు ఫోన్‌లో పెట్టి చూపించబోయాను. ఆయన ఫోన్ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. వెనక లైటు స్టాండు విప్పుతున్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఆరడుగుల మనిషి, మీసమున్న మనిషి. "ఏం సారూ, నువ్వన్న చెప్పరాదు" అని ఆయన్ని అడిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే పెళ్ళి పాడవుతుందని పళ్ళు బిగబట్టాను.

మా ఆయన స్టాండు కింద పెట్టాడు. మా సామాను పెట్టిన గదిలోకి పోయాడు. ఫ్లాష్ కోసం తెచ్చిన పాత సంచిలో ఆ పెద్ద కెమెరా కూడా ఉంది. దాన్ని మెడలో వేసుకుని వచ్చాడు.

"దానికి కార్డు పట్టదు గద" అని చెవిలో అన్నాను.

"పట్టకుంటే ఏమాయె. ఫ్లాష్ పడ్తది గద. నేను ముంగట కొడ్తుంట, నువ్వు పక్కపొంటి తియ్యి. లొల్లి లేకుంట పెండ్లి వెళ్ళిపోతది."

మేనమామ ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు పెళ్ళిలా ఉంది అన్నాడు. చుట్టాలందరినీ పిలిచి మా ఆయన ముందు వరుసగా నిలబెట్టాడు. మా ఆయన టక్‌మని కొట్టాడు. నేను పక్కన నిలబడి పని చేసుకున్నాను. తిరుగు బస్సులో వెనక సీట్లో కూర్చుని, కండక్టర్ తిరిగి చూసేంతగా ఇద్దరం నవ్వాం. ఆ మేనమామ ఖాళీ డబ్బా ముందు కండువా సర్దుకున్న తీరు మా ఆయన చేసి చూపించాడు. ఆ నవ్వు అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఒక సంగతి తెలిసింది. ఫ్లాష్ పడేదాకా మనిషి తన ముఖాన్ని బిగబట్టి ఉంచుతాడు. పడగానే వదిలేస్తాడు. ఫొటో అయిపోయిందనుకుంటాడు కదా. భుజాలు దిగుతాయి, పక్కవాళ్ళవైపు తిరుగుతాడు, ఎవరి మీద ప్రేముంటే వాళ్ళను చూస్తాడు, ఎవరంటే పడదో వాళ్ళ మీంచి చూపు తిప్పుకుంటాడు. అదంతా నా చిన్న కెమెరాలో పడింది. చప్పుడు లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. అప్పటిదాకా అన్నేళ్ళలో అట్లాంటి ముఖాలు నాకు దొరకలేదు.

తర్వాతి పెళ్ళికి కూడా పెద్ద కెమెరా ఏదని అడిగారు. ఆ తర్వాతి పెళ్ళికి అడగకముందే మా ఆయన మెడలో వేసుకుని దిగాడు. అలా అదే మా పనితీరు అయిపోయింది. ఆయన ఫ్లాష్ కొడతాడు, నేను ఆ ఫ్లాష్ పడ్డ మరుక్షణం కోసం కాచుకుని ఉంటాను.

దేవరకొండ పక్క ఊళ్ళో ఒక రైతు బిడ్డ పెళ్ళి జరిగింది. తలంబ్రాలయ్యాక పెళ్ళికూతురితో తండ్రి ఫొటో అన్నారు. ఆయన కరెంటు స్తంభంలా నిటారుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడలకు ఆనించుకున్నాడు. మా ఆయన టక్‌మని కొట్టాడు. ఆ తండ్రి ఊపిరి వదిలి, బిడ్డవైపు తిరిగి, ఆమె జుట్టులో ఇరుక్కున్న తలంబ్రాల బియ్యం గింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. ఏరిన గింజలు కింద పారేయలేదు. ఎడమ అరచేతిలో పెట్టుకుంటున్నాడు. ఆ పిల్ల తల వంచి, చిన్నప్పుడు పేలు చూపించుకున్నట్టు కదలకుండా నిలబడింది. నేను తీశాను. తీస్తున్నప్పుడే తెలిసింది, బాపు ఉంటే ఆ ఫొటో చూసి నా వీపు తట్టేవాడని.

ఆ ఫొటో ఊరూరా తిరిగింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా స్టేటస్‌లో పెట్టుకున్నారు. మా ఊళ్ళో ఫంక్షన్ హాల్ ఆయన దాన్ని పెద్దగా చేయించి గుమ్మం పక్కన వేలాడదీశాడు. పెళ్ళిళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు దాని ముందు నిలబడి ముక్కు చీదుకునేవారు. నేను వాళ్ళ వెనకే నిలబడి చూసేదాన్ని. ఎవరూ నా వైపు తిరిగి అడగలేదు. అడగడానికి నా మెడలో ఏముంది?

మా ఆయన మెడలో ఉంది. అందరూ ఆయన్నే చుట్టుముట్టేవారు. ఎరువుల దుకాణం పని మానేసి నాతోనే తిరగసాగాడు. నిండా జేబులున్న ఒక కోటు కొనుక్కున్నాడు. ఆ జేబుల్లో ఏం పెట్టుకుంటాడో నాకు ఇప్పటికీ తెలియదు. "గడ్డం జర పైకి అమ్మా", "సారూ, ఇటు ఎలుగులకు రాండ్రి" అని చెప్పడం మొదలుపెట్టాడు. వెలుగట! పెద్ద కెమెరా బాగున్న రోజుల్లో సరదాపడి తీస్తే ఒక ఫొటోలో తల లేదు, ఇంకో ఫొటోలో కాళ్ళు లేవు. ఆ మనిషి ఇప్పుడు వెలుగు గురించి చెబుతున్నాడు.

భోజనాల దగ్గర ఆయనకు కుర్చీ వేసేవారు, కూల్‌డ్రింక్ తెచ్చి ఇచ్చేవారు. నన్ను చూసి, "అక్కా, నువ్వు గూడ తిను" అనేవారు. ఒక పెళ్ళిలో పెద్దావిడ ఒకామె నా చేతిలోని కెమెరా చూసి, నా బుగ్గ పుణికి, "నీ మొగడు మంచోడే బిడ్డా, నీకు గూడ ఒక చిన్నది కొనిచ్చిండు" అంది. ఆ మాట విన్న తర్వాత ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతోంది. అది నేను కొనుక్కున్నది. నా మెడ నొప్పితో, నా చేతి తిమ్మిరితో, నా సంపాదనతో కొనుక్కున్నది.

అయినా సర్దుకుపోయాను. ఎందుకంటే ఎవరైనా ఆ తలంబ్రాల ఫొటో ఎవరు తీశారని అడిగితే మా ఆయన "మేమే తీసినం" అనేవాడు. మా మాటల్లో తీసినం అంటే మేము తీశామని. అందులో నేనున్నాను. పేరు లేకపోయినా ఉన్నాను. ఆ మాట నాకు చాలనుకున్నాను, వెర్రిదాన్ని.

ఒకరోజు పెళ్ళిలో కుర్రాళ్ళు నలుగురు చేరి, "అన్నా, గా బియ్యం గింజల ఫొటో నువ్వేనా?" అని అడిగారు. నేను పక్కనే బ్యాటరీ మారుస్తున్నాను. మా ఆయన మీసం దువ్వుకుని, "ఆఁ, నేనే తీసిన" అన్నాడు.

తీసినం అనేవాడు, తీసిన అన్నాడు. మా దగ్గర ఈ రెంటికీ మధ్య తేడా చివర ఉండే ఒక్క సున్న. ఆ సున్న ఉంటే ఇద్దరం తీశాం. సున్న తీసేస్తే ఆయనొక్కడే తీశాడు. ఇన్నేళ్ళ నా చాకిరీ ఆయన మాటలో ఒక సున్నాగా మిగిలింది. ఇప్పుడు అదీ రాలిపోయింది. బ్యాటరీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపల అప్పగింతలు మొదలయ్యాయని ఎవరో కేకేస్తే, పోయి తీశాను. ఏడుస్తున్న పిల్ల మీద నా కోపం చూపించలేను కదా.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతుండగా అడిగాను.

"గా ఫొటో ఎవరు తీసిండ్రు?"

"ఏ ఫొటో?"

"ఏదో నీకెరుకే."

"మనమే తీసినం."

"నిన్న మనం లేము. నిన్న నువ్వొక్కనివే ఉన్నవ్. నేను పక్కనే ఉన్న, నా చెవులతోటి విన్న."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నోరు జారింది. గింత దానికి గింత లొల్లెందుకు?"

"నోరు జారితే ఎప్పుడన్న ఒకసారి నేను తీసినట్టు గూడ జారాలె గద. గట్లెందుకు జారదు?"

 తర్వాత ఆయన అన్న మాటే నన్ను ఎక్కువ మండించింది, ఎందుకంటే అందులో నిజముంది. "నేను ముంగట నిలవడకుంటే గా తండ్రి నీ దిక్కు జూసి బిగుసుకొని ఉంటుండె. గప్పుడు నీకు గా ఫొటో దొర్కుతుండెనా? సగం నాది గాదా?"

"సగం నీదే" అన్నాను. "సగమని చెప్పు, నేను నోరెత్త. మొత్తం నాదే అన్నవ్ సూడు, గది నేను ఓర్సుకోను."

ఆయన తల వంచుకున్నాడు. తల వంచుకుంటే నేను కరిగిపోతానని ఆయనకు తెలుసు. ఆరోజు కరగలేదు.

ఆ గొడవ ఆరకముందే మా కాలనీ సంఘం వాళ్ళు ఇంటికొచ్చారు. మన ఊరి కళాకారులకు సన్మానం చేస్తున్నామనీ, తలంబ్రాల ఫొటో తీసినందుకు మా ఆయనకు శాలువా కప్పుతామనీ చెప్పారు. సంఘం అధ్యక్షుడు సిమెంటు వ్యాపారం చేసే పెద్దమనిషి. "కెమెరా మెడలేసుకొని రావాలె, ఫొటోగ్రాఫర్ అని తెల్వాలె. అమ్మను గూడ తోలుకొని రాండ్రి, జోడిగ ఉంటే మంచిగుంటది" అన్నాడు. నేను వాళ్ళకు చాయ్ పోసి ఇచ్చాను. మా ఆయన అప్పుడే చెబుతాడేమోనని గుమ్మంలో నిలబడి చూశాను. చెప్పలేదు.

వాళ్ళు పోయాక, "మైకు ఇస్తరు గద" అన్నాడు తనే. "గప్పుడు చెప్త. అందరి ముంగటనే చెప్త. నువ్వు తీసినవని చెప్త."

"నిజంగనా?"

"నీ మీద ఒట్టు."

నమ్మాను. నమ్మి, చీర ఇస్త్రీ చేసుకున్నాను. ఆయన నోట నలుగురిలో ఆ మాట వినాలని నాకు ఎంత ఆశగా ఉందో అప్పుడు తెలిసింది. శాలువా ఎవరు కప్పుకున్నా నాకు అక్కర్లేదు. తీసింది ఈమె అని ఒక్కసారి మైకులో వినబడితే చాలు. ఆ తర్వాత ఏ మేనమామ వచ్చి నన్ను పెద్ద కెమెరా ఏదని అడిగినా నాకు లెక్కలేదు.

సభ అదే ఫంక్షన్ హాల్‌లో. గుమ్మం పక్కనున్న నా ఫొటోను తీసి స్టేజీ మీద పెట్టారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను, భుజాన చిన్న కెమెరాతో. అది లేకుండా ఇల్లు కదలడం నాకు అలవాటు లేదు. అధ్యక్షుడు చాలాసేపు మాట్లాడాడు. ఒక తండ్రి మనసును పట్టుకున్న కన్ను ఇది అని మా ఆయన కన్నును పొగిడాడు. ఆ కన్ను ఆ ఫొటో తీసిన క్షణంలో ఫ్లాష్ మీటల వైపు ఉంది. ఆ తండ్రి బిడ్డ జుట్టులో గింజలు ఏరిన సంగతి, నేను కంప్యూటర్‌లో చూపించేదాకా మా ఆయనకు తెలియనే తెలియదు.

మైకు ఇచ్చారు. మా ఆయన నా వైపు చూశాడు. చెప్పు అన్నట్టు తల ఊపాను. గొంతు సవరించుకున్నాడు.

"అందరికి నమస్కారం. గా ఫొటో ఊకెనే రాలే. గా దినం మస్తుసేపు ఎదురుచూసి తీసిన."

సున్న లేదు. చప్పట్లు కొట్టారు. తీసింది నేను, ఎదురుచూసిందీ నేనే. నా ఎదురుచూపు కూడా తీసుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.  

"అమ్మను గూడ పైకి పిలువుండ్రి" అన్నారు. ఎక్కాను. ఆయనకు శాలువా కప్పారు, నాకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క చేతిలో పెట్టారు. ఈమె సహకారం లేనిది ఇంత పని జరగదని అధ్యక్షుడు మైకులో అన్నాడు. సహకారమట.

తర్వాత అందరం వరుసగా నిలబడ్డాం. కింద నుంచి నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తారు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. "సెల్ ఫొటోలు తర్వాత తీస్కోండ్రి. ఇది పటం కట్టించి ఆఫీసుల పెట్టాలె, పెద్ద కెమెరాతోటి కావాలె. ఫొటోగ్రాఫర్ ఏడి?" అన్నాడు. అని, ఫొటోగ్రాఫర్ తన పక్కనే శాలువాతో ఉన్నాడని గుర్తొచ్చి తనే నవ్వాడు. హాలంతా నవ్వింది.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. దిగు, దిగి తియ్యి, లొల్లి లేకుండా వెళ్ళిపోతుంది అనే చూపు. ఆ చూపుకు ఎన్నిసార్లు దిగానో. దిగి తీస్తే ఫొటో బాగా వస్తుంది. అందులో నేనుండను.

"నేను దిగ" అన్నాను, ఆయనకు మాత్రమే వినబడేలా. "నేను ఫొటోల ఉంట." భుజాన ఉన్న చిన్న కెమెరా తీసి ఆయన ముందు పెట్టాను. "ఇగో, తీస్కో. తీసేటోనివి నువ్వే గద."

ఆయన చిన్న కెమెరా వైపు చూశాడు. చెయ్యి కదలలేదు. అది కొన్నప్పటినుంచీ దాన్ని ఎక్కడ ఆన్ చేయాలో కూడా ఆయన నేర్చుకోలేదు. అడిగితే నేర్పేదాన్ని. ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అంతమందిలో అడగలేడు.

"పెద్దదాంతోనే తియ్యన్నా" అని కింద నుంచి ఎవరో అన్నారు.

శాలువా జారుతుంటే పట్టుకుని మెట్లు దిగాడు. హాల్ మధ్యలో నిలబడి పెద్ద కెమెరా కంటికి ఆనించుకున్నాడు. "జర దగ్గరికి జరుగుండ్రి" అన్నాడు. "గడ్డం పైకి." ఆయన గొంతు సన్నబడిపోయింది. జాలి కలగలేదు నాకు. గడ్డం పైకెత్తి, చిన్న కెమెరాను ఛాతీ మీద అందరికీ కనబడేలా పట్టుకుని, నేనూ నవ్వాను.

టక్‌మంది. ఫ్లాష్ పడింది. అందరూ భుజాలు వదిలేశారు. నేను వదల్లేదు.

"మంచిగొచ్చిందా?" అని అధ్యక్షుడు అడిగాడు.

మా ఆయన కెమెరా వెనక తెర వైపు చూసుకున్నాడు. కార్డు లేదని తప్ప దానిమీద ఇంకేమీ రాదు. తలెత్తి, నా వైపు చూడకుండా, "మస్తొచ్చింది" అన్నాడు.

ఆటోలో ఇంటికొస్తూ, "నువ్వు ఒక్క ఫొటో తీస్తే ఏం వోతుండె" అన్నాడు.  ఆ వారమంతా మా ఇంట్లో కూర బాగుందా, ఉప్పు చాలిందా అన్న మాటలు తప్ప వేరే మాటలు లేవు.

ఆ ఫొటో కోసం అధ్యక్షుడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆఫీసులో గోడకు మేకు కూడా కొట్టించాడట. మా ఆయన ఒకసారి పంపిస్తానన్నాడు, ఒకసారి కంప్యూటర్ ఖరాబైందన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నిన్న నా ఫోన్‌కు చేశాడు పెద్దమనిషి. "అమ్మా, నువ్వన్న జర ఎతికి పంపరాదు. పటం కట్టేటాయిన ఎదురుచూస్తుండు" అన్నాడు. మా ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పమని చేతులు జోడించి సైగ చేస్తున్నాడు.

"గా ఫొటో నేను తియ్యలే అన్నా" అన్నాను. "ఆయన తీసిండు. ఆయన్నే అడుగుండ్రి."

ఫోన్ ఆయన చేతికిచ్చి నా పని చూసుకోవడానికి స్టూడియోకు పోయాను.